వన్ సిట్టింగ్ డిగ్రీ పోస్టరు గారికి

మూసాపేట మెట్రో స్టేషన్ కింద స్తంభం మీద, మనిషి చెయ్యి అందేంత ఎత్తున కాపురముంటున్న వన్ సిట్టింగ్ డిగ్రీ పోస్టరు గారికి,

మీ అసలు పేరేమిటో తెలియదు, మీరు రాసుకోలేదు కనుక. ఫోన్ నంబరు మాత్రం కదిలే బస్సులోంచి కూడా కనిపించేంత లావుగా వేయించారు. దాని పైన ఎర్రటి అక్షరాల్లో వరస: టెన్త్, ఇంటర్, డిగ్రీ తప్పారా? ఒకే సిట్టింగ్‌లో పాస్. ఉద్యోగులకు, గృహిణులకు ప్రత్యేకం. యూజీసీ గుర్తింపు. వంద శాతం జెన్యూన్. ఈ మాటలన్నిటికీ పూచీ పడే విశ్వవిద్యాలయం ఏది, అది ఏ రాష్ట్రంలో ఉంది, మీ ఆఫీసు ఏ వీధిలో ఉంది అన్న సంగతులకు మాత్రం కాగితంలో చోటు సరిపోలేదు.

మా పేటను ఎంచుకోవడంలో మీ తెలివి తక్కువేమీ కాదు. ఒక పక్క బాలానగర్, సనత్‌నగర్ కార్ఖానాలు. ఇంకో పక్క కైతలాపూర్ వంతెన ఎక్కి దిగితే హైటెక్ సిటీ దారి. 2022లో ఆ వంతెన తెరిచాక మాకు అద్దాల మేడలు మరీ దగ్గరయ్యాయి. లేత్ మిషన్ మీద పనిచేసేవాడు, కంపెనీ క్యాబ్ నడిపేవాడు, రాత్రి షిఫ్టులో అమెరికా వాళ్ల ఫిర్యాదులు వినేవాడు, వీపున సంచి వేసుకుని తిరిగే డెలివరీ కుర్రాడు, అందరూ ఇక్కడ ఒకే టీ కొట్టు ముందు నిలబడతారు. వాళ్లలో ఇంటర్ తప్పినవాళ్లున్నారు. డిగ్రీ రెండో ఏడాదిలో నాన్న పోయి చదువు మానేసినవాళ్లున్నారు. పెళ్లయి పుస్తకాలు అటక మీద పెట్టినవాళ్లున్నారు. పనిలో ఎవరికీ తీసిపోరు. తీరా ప్రమోషన్ వేళకు దరఖాస్తులో ‘ఎనీ గ్రాడ్యుయేట్’ అన్న గడి దగ్గర ఆగిపోతారు. మీరు సరిగ్గా ఆ గడి పక్కనే వచ్చి అతుక్కున్నారు.

గోడలు ఖరాబు చేస్తున్నారని ఈ ఉత్తరం రాయడం లేదు. దానికి 1997 నుంచీ ఒక చట్టం ఉంది. ఆ సంగతి కార్పొరేషన్ వాళ్లు చూసుకుంటారు, లేదా చూసుకోరు. నా తగువు వేరు. మీరు అచ్చమైన అబద్ధం అమ్ముకుంటే నేనింత బాధపడేదాన్ని కాను. ఉద్యోగం చేసుకుంటూ, రోజూ కాలేజీకి వెళ్లకుండా, పరీక్షలు రాసి పట్టా తెచ్చుకోవచ్చన్నది నిజం. ఆ నిజాన్ని ఎత్తుకెళ్లి దాని మీద మీ ఫోన్ నంబరు వేసుకున్నారు. నేను ఆ దారిన వచ్చిన మనిషిని. పైగా నా బతుకుదెరువుకూ మీకూ లంకె ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల సర్టిఫికెట్లు అసలువో కావో సరిచూసే పని నాది. మీ సరుకు గోడ మీద బయల్దేరి, చివరికి చేరేది నా బల్ల మీదికే.

ముందు మీరు ఎత్తుకెళ్లిన దాని వయసెంతో చెబుతాను.

1858లో లండన్ విశ్వవిద్యాలయం, ఫలానా కాలేజీలో చదివి తీరాలన్న షరతు ఎత్తేసింది. ఎక్కడున్నవాడైనా సరే, పరీక్ష రాసి నెగ్గితే పట్టా. అంతకు ఏడాది ముందే, 1857లో, ఆ లండన్ నమూనాలోనే మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది. మొదట్లో దానికి పాఠం చెప్పే పనే లేదు. పాఠాలు కాలేజీలు చెప్పుకునేవి. విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టేది, పట్టా ఇచ్చేది. విశ్వవిద్యాలయం పట్టా మన దగ్గరికి మొదట వచ్చిందే పరీక్ష రూపంలో. ‘మెట్రిక్ ప్రైవేటుగా కట్టాను’ అని చెప్పుకున్న పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉండేవాళ్లు. అందులో చిన్నతనం ఏమీ ఉండేది కాదు.

దుర్గాబాయి గారి సంగతే చూడండి. బడి వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి దూకి, జైలుకెళ్లి వచ్చాక, పెద్దయ్యాక కూర్చుని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాసి నెగ్గారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టా, ఆపైన మద్రాసులో న్యాయశాస్త్రం. తన చదువుతోనే ఊరుకోలేదు. చదువాగిపోయిన తెలుగు ఆడపిల్లల్ని మద్రాసులో పోగేసి, అదే బెనారస్ పరీక్షకు తయారుచేసే తరగతులు మొదలుపెట్టారు. ఆంధ్ర మహిళా సభ ఆ తరగతుల్లోంచే ఎదిగింది. రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి, ఆనక దేశ్‌ముఖ్ ఇంటిపేరు కలిసిన దుర్గాబాయి, మీ లెక్క ప్రకారం ‘ఫెయిలైన గృహిణి’ కోవలోకే వస్తారు. అప్పట్లో మీరు లేకపోవడం మా అదృష్టం.

హిందీ ప్రచార సభ పరీక్షలు గుర్తున్నాయా? ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష అంటూ మెట్లు. సాయంత్రం ఒక టీచరమ్మ ఇంటి వరండాలో చాప మీద కూర్చుని చదివి, పరీక్ష రోజున ఏదో హైస్కూల్లో బల్ల దగ్గర కూర్చుని రాసేవాళ్లు. ఎక్కడ చదివావని అడిగినవాడు లేడు. ఏం రాశావన్నదే అక్కడ లెక్క.

ఇక మనదైన ఘట్టం. 1982లో, భవనం వెంకట్రాం ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఢిల్లీలో ఇగ్నో రావడానికి ఇంకా మూడేళ్లుంది. తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి, కరీంనగర్ జిల్లా మనిషి. అంతకు ముందు ఉస్మానియా వైస్ ఛాన్సలర్. 1985లో ఇగ్నోకు కూడా ఆయన్నే తొలి వైస్ ఛాన్సలర్‌గా పిలిచారు, ఆ తర్వాత యూజీసీ ఛైర్మన్ చేశారు. మీరు పోస్టరు అడుగున ‘యూజీసీ గుర్తింపు’ అని అచ్చు వేసుకుంటారే, ఆ యూజీసీ కుర్చీలో ఒకప్పుడు కూర్చున్నది, పనిచేసుకునేవాడికి విశ్వవిద్యాలయం తలుపు తెరిచిన మన తెలుగువాడు. 1991 నుంచి ఆ విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు. ఇంటర్ లేనివాళ్లకు కూడా ఒక అర్హత పరీక్ష పెట్టి, అందులో నెగ్గితే డిగ్రీలో చేర్చుకున్న చరిత్ర దానిది. కండక్టర్లు, కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, పొలం పని చేసుకునే ఆడవాళ్లు పట్టాలు తీసుకున్నారు. దాని తెలుగు పుస్తకాల గిరాకీ ఎంతో తెలియాలంటే పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్లి చూడండి. ఆ విశ్వవిద్యాలయంలో ఎప్పుడూ పేరు నమోదు చేసుకోనివాళ్లు కూడా గ్రూప్స్ పరీక్షలకు ఆ పుస్తకాలే తిరగేస్తుంటారు.

నేనూ అక్కడే బీఏ చదివాను. ఎలా చదివానో పెద్ద కథగా చెప్పను. రాత్రి షిఫ్టు, పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు, ఆదివారం స్టడీ సెంటర్లో తరగతులు. క్యాబ్‌లో చదివితే తల తిరిగేది కాబట్టి క్యాబ్‌లో నిద్రపోయి ఇంట్లో చదివేదాన్ని. పరీక్షల సెలవు అడిగితే ‘ఈ వయసులో నీకెందుకమ్మా’ అన్న మేనేజరు ఉన్నాడు, ‘వెళ్లిరా, నీ లాగిన్ నేను చూసుకుంటా’ అన్న పక్క సీటు పిల్లా ఉంది. ఇలాంటి కథలు మా పేటలో మెట్లెక్కుతూ దిగుతూ వినిపిస్తాయి.

మీ సిట్టింగ్ ఎంత బరువైనదో ఇక్కడొకసారి తూకం వేద్దాం. ఇప్పుడు దేశమంతటా నడుస్తున్న క్రెడిట్ల లెక్కలో ఏడాదికి 1200 గంటల చదువు, 40 క్రెడిట్లు. అంటే క్రెడిట్‌కు 30 గంటలు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, 3600 గంటలు. ఒక్క రోజు కూడా నాగా లేకుండా కూర్చున్నా మూడేళ్లపాటు రోజుకు మూడు గంటల పైమాట. ఇగ్నోలో అయితే చాలా కోర్సులకు మార్కుల్లో 30 శాతం చేత్తో రాసి పంపే అసైన్‌మెంట్లకు, 70 శాతం టర్మ్ చివరి పరీక్షకు. మీరు ఆ 3600 గంటల్ని ఒక మధ్యాహ్నంలో మడిచి జేబులో పెడతామంటున్నారు.

ఎలా మడుస్తారో తెలుసుకుందామని మీ నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదస్తుడు, ఆ మాట అనాలి.

‘‘చెప్పండి మేడం. మీకా, మీ సార్‌కా?’’

నాకే అన్నాను. బీకాం కావాలన్నాను.

‘‘అయితది మేడం. ఏ ఇయర్‌ల పాసైనట్టు కావాలె?’’

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఏ రంగు చీర చూపించమంటారు అన్నట్టు అడిగాడు మరి. నా ఇంటర్‌కూ మొదటి ఉద్యోగానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చెబితే, దానికి అమరేలా మూడు సంవత్సరాలు ‘సెట్’ చేస్తారట. పరీక్ష ఎక్కడ అని అడిగాను.

‘‘మీరు రావాల్సిన పనే లేదు మేడం. అంత మనోళ్లు చూస్కుంటరు. ఫొటోలు, ఆధార్ పంపుండ్రి చాలు.’’

‘‘మరి సిట్టింగ్ అన్నారు కదా, కూర్చునేదెవరు?’’

ఆయన నవ్వేశాడు. ఆ ఒక్క నవ్వులోనే నాకు కొంచెం నిజాయతీ కనిపించింది. ఫీజు మూడు దఫాల్లో కట్టుకోవచ్చన్నాడు. రేపు కంపెనీ వాళ్లు వెరిఫికేషన్‌కు పంపితే ఎలా అంటే, ‘‘అదిగూడ ఓకే చేయిస్తం మేడం, దానికి వేరే ఛార్జ్’’ అన్నాడు.

ఇప్పుడు మీ కాగితం నా బల్ల మీదికి వచ్చాక ఏమవుతుందో చెప్పనివ్వండి, ఆ సంగతి మీ మర్యాదస్తుడు ఎవరికీ చెప్పడు కాబట్టి.

కాగితం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అసలు సర్టిఫికెట్ల కన్నా మీవే శుభ్రంగా ఉంటాయి, చెమట మరకలు, లామినేషన్ బుడగలు లేకుండా. ఎక్కడో దూర రాష్ట్రంలోని విశ్వవిద్యాలయం పేరు, రెగ్యులర్ కోర్సు, వరసగా మూడేళ్లు, ఫస్ట్ క్లాస్. సరే, పక్కన ఆ కుర్రాడి పీఎఫ్ వివరాలు పెడతాం. ఆ మూడేళ్లూ నెల తప్పకుండా బాలానగర్‌లో ఏదో షాపు తరఫున అతని ఖాతాలో పీఎఫ్ జమ అవుతూ ఉంటుంది. పొద్దున ఇక్కడ సరుకు దించుతూ, మధ్యాహ్నం వెయ్యి కిలోమీటర్ల అవతల క్లాసులో హాజరు వేయించుకున్న మనిషన్నమాట. ఆ తర్వాత విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి రాస్తాం. ఇలాంటి నంబరు మా రికార్డుల్లో లేదని జవాబొస్తుంది. మేం నివేదికలో మూడు రంగులు వాడతాం: అన్నీ సరిపోతే పచ్చ, అనుమానముంటే పసుపు, దొంగదని తేలితే ఎరుపు. ఆ కుర్రాడి పేరు ఎదురుగా ఎరుపు పడుతుంది. అప్పటికి పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి ఉంటాడు.

తర్వాత అతను మీ మీద కేసు పెట్టడు. పెట్టలేడు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 340వ సెక్షన్, దొంగ పత్రాన్ని తెలిసి అసలుదిగా వాడినవాడిని తయారు చేసినవాడితో సమానంగా చూస్తుంది. పాత ఐపీసీ 471 కూడా అదే చెప్పేది. మీ వ్యాపారానికి ఇంత భద్రత ఎక్కడుంది చెప్పండి! మోసపోయినవాడు నోరు విప్పితే ముందు తనే ఇరుక్కుంటాడు. డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్లు మీ పోస్టరు కిందనుంచే తల వంచుకుని మెట్రో ఎక్కుతారు, మీరు పైనుంచి చూస్తూనే ఉంటారు.

మీకు రోజులు మునుపటిలా లేవు, నిజమే. 2022లో తెలంగాణ ఉన్నత విద్యామండలి రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల సర్టిఫికెట్లను ఆన్‌లైన్‌లోనే సరిచూసుకునే ఏర్పాటు తెచ్చింది. 2024 నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్ కోర్సులో గానీ చేరేవాళ్లు ముందు యూజీసీ దూరవిద్యా విభాగం దగ్గర డెబ్ ఐడీ తీసుకోవాలి. ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో యూజీసీ ‘పది రోజుల ఎంబీఏ’ లాంటి పేర్లతో వచ్చేవాటిని నమ్మవద్దని హెచ్చరించింది. మీ వాళ్లు మాత్రం వెనక్కి తగ్గకుండా పాత సంవత్సరాల పట్టాలు అమ్ముతున్నారు. ఐడీలు లేని కాలపు తేదీలు కదా, అడిగేవాడు తక్కువని లెక్క.

ఇదంతా మోసపోయినవాళ్ల గోడు. నా అసలు గోడు మోసపోనివాళ్లది. మూడేళ్లు, నాలుగేళ్లు, కొందరికైతే ఆరేళ్లు పట్టి అంబేద్కర్ లోనో ఇగ్నో లోనో నిజంగా చదివి నెగ్గినవాళ్లున్నారు. ఇంటర్వ్యూలో వాళ్లను అడిగే మొదటి ప్రశ్న: రెగ్యులరా, డిస్టెన్సా? డిస్టెన్సు అనగానే అవతలి మొహంలో చిన్న ముడి. కొందరు నవ్వుతూ ‘వన్ సిట్టింగా?’ అని అడుగుతారు. సరదాకే అడుగుతారు, అందులో మీ ఘనత ఉంది. గుర్తింపు పొందిన సంస్థల నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో తెచ్చుకున్న డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరు 2న మళ్లీ స్పష్టం చేయాల్సి వచ్చింది. నిజమైన దాన్ని నిజమని ప్రకటన వేసి చెప్పుకోవాల్సిన గతి ఎవరివల్ల పట్టిందో మీకు తెలుసు.

ఇంతవరకూ మిమ్మల్ని తిట్టాను. ఇప్పుడు మీ ఎదుట ఒక సంగతి ఒప్పుకోక తప్పదు, అది మీకు గొప్పగా అనిపించినా సరే. మీరు ఉత్త గాలిలో పుట్టలేదు. మా చదువుల ఏర్పాటులో ఒక ఖాళీ ఉంది, మీరు అందులో పాగా వేశారు.

మా వీధిలో ఒకావిడ పదేళ్లుగా ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తోంది. జీఎస్టీ వచ్చిన రోజునుంచీ రిటర్నులు వేస్తోంది. డెబిట్ ఏది క్రెడిట్ ఏది అని కొత్తగా వచ్చిన బీకాం పిల్లలకు ఆమే నేర్పుతుంది. ఆమెకు డిగ్రీ లేదు. ఇప్పుడు బీకాంలో చేరితే మొదటి ఏడాది అకౌంటెన్సీ పుస్తకంలో డెబిట్ ఏది క్రెడిట్ ఏది అన్న అధ్యాయంతోనే మొదలుపెట్టాలి. ‘ఈ పేపరు నాకు వచ్చు, ఇవాళే పరీక్ష పెట్టండి, నెగ్గితే ఆ క్రెడిట్లు నా ఖాతాలో వేయండి’ అని అడిగే కిటికీ మన దగ్గర నాకెక్కడా కనిపించలేదు.

అమెరికాలో ఆ కిటికీ 1967 నుంచే ఉంది. కాలేజ్ బోర్డు అనే సంస్థ క్లెప్ పేరుతో ముప్పైకి పైగా సబ్జెక్టుల్లో పరీక్షలు పెడుతుంది. అకౌంటింగ్, బీజగణితం, మనస్తత్వశాస్త్రం, స్పానిష్, ఏది వస్తే అది. చాలావాటికి గంటన్నర సమయం. ఎనభై దాకా సాగే స్కోరులో యాభై వస్తే సాధారణంగా పాసైనట్టు. ఒప్పుకున్న కాలేజీ ఆ సబ్జెక్టుకు క్రెడిట్లు వేస్తుంది, ఆ క్లాసులో మళ్లీ కూర్చోవాల్సిన పని లేదు. న్యూయార్క్‌లో 1971లో మొదలై ఇప్పుడు ఎక్సెల్సియర్ అని పిలుస్తున్న విశ్వవిద్యాలయం, న్యూజెర్సీలో 1972లో మొదలైన థామస్ ఎడిసన్ విశ్వవిద్యాలయం పనిచేసే పెద్దవాళ్ల కోసమే పుట్టాయి. అలాంటి పరీక్షల క్రెడిట్లు పోగేసి పట్టా దాకా వెళ్లినవాళ్లు అక్కడ చాలామంది. సైనికులు ఎక్కువగా ఈ దారిన వెళ్తారు.

ఒక్క విషయం గమనించండి. ఒక పరీక్ష నెగ్గితే చాలా సబ్జెక్టులకు వచ్చేది మూడు క్రెడిట్లు. అక్కడ డిగ్రీకి సాధారణంగా కావాల్సింది 120. ఎంత చురుకైనవాడైనా మళ్లీ మళ్లీ వెళ్లి కూర్చోవాల్సిందే, ప్రతిసారీ తన గుర్తింపు కార్డు చూపించి, తన తలకాయతో. వేగంగా పోవచ్చు, వేరేవాళ్లను పంపించలేరు. మీ పోస్టరు చదివినవాడు కోరుకునేది నిజానికి ఇదే. తనకు వచ్చినదాన్ని నిరూపించుకునే ఒక అవకాశం. మీరు అమ్మేది, నిరూపించాల్సిన పనే లేకుండా తప్పించుకునే ఏర్పాటు.

మన దగ్గర ఆ దిశగా ముక్కలు ముక్కలుగా కొన్ని ఉన్నాయి. జాతీయ ఓపెన్ స్కూల్‌లో టెన్త్, ఇంటర్ చదివేవాళ్లకు పేరు నమోదైనప్పటి నుంచి 5 ఏళ్ల గడువు, ఆ లోపు 9 సార్లు పరీక్ష రాయొచ్చు, నెగ్గిన సబ్జెక్టు నెగ్గినట్టే నిలుస్తుంది. సిద్ధమైనప్పుడు రాసే ఆన్ డిమాండ్ పరీక్ష కూడా వాళ్లు తెచ్చారు. ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్లో నేర్చుకుని పరీక్ష రాసి తెచ్చుకున్న క్రెడిట్లను సెమిస్టర్‌లో 40 శాతం దాకా ఒప్పుకోవచ్చని 2021లో నిబంధన వచ్చింది. అదే ఏడు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెరిచారు, డబ్బు దాచుకున్నట్టు క్రెడిట్లు దాచుకునే ఖాతా. 2024 చివర్లో యూజీసీ, చురుకైనవాళ్లు మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలో ముగించే వీలు ప్రకటించింది. అంటే నిఖార్సైన దారిలో అంత పరుగెత్తినా మిగిలేది ఒక్క సెమిస్టరు.

బ్యాంకు పెట్టారు, సరే. వచ్చిన విద్యను నేరుగా పరీక్షతో జమ చేసే కౌంటరు మాత్రం నాకు కనిపించలేదు. ఎంట్రన్సులకు, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకు నగరం చుట్టూ కంప్యూటర్ కేంద్రాలున్నాయి. వేలిముద్ర పడుతుంది, కెమెరా చూస్తుంది. ఎంట్రన్సులు లేని రోజుల్లో ఆ కంప్యూటర్ల ముందు మా ఆడిటర్ ఆఫీసు అమ్మలను, లేత్ మిషన్ తమ్ముళ్లను కూర్చోబెట్టి అకౌంటెన్సీ, ఇంగ్లీషు, కంప్యూటర్ బేసిక్స్ పేపర్లు రాయించడానికి కొత్తగా కట్టాల్సింది ఏమీ లేదు. దేశానికి మొదటి ఓపెన్ యూనివర్సిటీని ఇచ్చిన ఊరు ఈ పని కూడా మొదట చేయాలి. నకళ్లు, లీకులు పెరుగుతాయని అంటారు. నిజమే, భయం ఉంది. కానీ ఆ భయం పేరు చెప్పి కిటికీ మూసి ఉంచినంత కాలం ఆ పక్క గోడ మీద మీరే ఉంటారు. నకలును అరికట్టడం కష్టమైన పని, పరీక్షే లేని పట్టాను అరికట్టడం అంతకన్నా కష్టం. అది ప్రతిసారీ నా బల్ల దాకా వచ్చి, ఒక మనిషి బతుకు ఎర్రబడ్డాక గానీ బయటపడదు.

మీకు ఇంకో కబురు కూడా చెప్పాలి. మా వెనక వీధి హాస్టల్లో ఉండే ఇంటర్ తప్పిన కుర్రాడు ఒకడు డిగ్రీ కోసం మీకు ఫోన్ చేస్తానంటే, వద్దనలేదు. చెయ్యి నాయనా, కాకపోతే నాలుగు సంగతులు అడుగు అన్నాను. విశ్వవిద్యాలయం పేరేమిటి, యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఈ ఏటికి అది ఉందా, నా పేరు మీద డెబ్ ఐడీ ఎప్పుడు తీయాలి, పరీక్షా కేంద్రం ఏ ఊళ్లో పడుతుంది. మూడో ప్రశ్న దగ్గరే మీ మర్యాదస్తుడు సిగ్నల్ సరిగా లేదన్నాడట. కుర్రాడు తెలంగాణ ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు పేరిచ్చాడు. అతనికి లెక్కలంటే భయం, అందుకని కామర్స్ తీసుకున్నాడు. పుస్తకాలు తెచ్చుకున్నాడు, ఇంకా అట్టలు వేయలేదు. నెగ్గుతాడో లేదో చెప్పలేను. రాసేది మాత్రం అతనే.

ఇట్లు,
మీ స్తంభం ముందునుంచి రోజూ ఆఫీసుకు వెళ్లే ఒక బి.ఏ.,
మూసాపేట.

తా.క.: వెరిఫికేషన్ ఓకే చేయించడానికి వేరే ఛార్జ్ అన్నారు కదా. ఆ వెరిఫికేషన్ చేసేదాన్ని నేనే. ఇంతవరకూ ఎన్ని బీకాంలు, ఎన్ని బీటెక్కులు మీ తరఫున వచ్చాయో, వాటి తాలూకు ఛార్జ్ నాకొక్క రూపాయి కూడా చేరలేదు. మీ మర్యాదస్తుణ్ని ఓసారి లెక్క అడగండి.